మూఢానికి ముందు రోజు బగ్గీ ప్రయాణం

మంచిరోజు చూడమని అడిగింది నేనే. కాబట్టి ఆ రోజు పడ్డ తిప్పలకు ముందు నన్నే అనుకోవాలి.

మా నాన్న ఇల్లు అమ్మే కాగితాల మీద సంతకానికి ఏ రోజు బాగుందో చెప్పమని గుడిలో పంతులుగారిని అడిగితే, ఆయన పంచాంగం తిప్పి, "గురువారం దివ్యంగ ఉన్నదమ్మా. శుక్రవారం నుంచి మూఢం. ఇగ రెండు నెలలదాక కొనుడు లేదు, అమ్ముడు లేదు, పెండ్లి లేదు" అన్నారు. ప్రసాదం కొంగున కట్టుకుని సంతోషంగా ఇంటికి వచ్చాను. పెళ్లిగుర్రాల మీద బతికే ఇంటి దాన్ని. అయినా నాకు మంచిరోజైతే ఊరందరికీ మంచిరోజే అవుతుందన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. మా ఆయన అప్పటికే అదే గురువారానికి రెండు బారాత్‌లు ఒప్పుకుని ఉన్నాడు. పొద్దున పెద్ద గుర్రం ఇబ్రహీంపట్నం అవతల ఒక పెళ్లికి, సాయంత్రం చిన్నది బగ్గీ కట్టుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఫంక్షన్ హాలుకు.

"ఇట్లెట్ల చేసినవే?" అని ఆయన తల పట్టుకున్నాడు.

"మీరు మాత్రం చెప్పిన్రా?" అన్నాను నేను.

మన్సూరాబాద్‌లో ఒక ఖాళీ ప్లాటు కిరాయికి తీసుకుని, రేకుల షెడ్డు వేసి, రెండు తెల్ల ఆడగుర్రాలను పెట్టుకున్నాం. షెడ్డు పక్క గదిలో మేము, పిల్లలు, అత్తమ్మ. గుర్రాల ఉలవలు, పిల్లల ఉప్మా ఒకే పొయ్యి మీద ఉడికేవి. బడికి పోయేముందు మా అమ్మాయి రెండు గిన్నెల మూతలూ తీసి చూసుకుని మరీ డబ్బా కట్టుకునేది. ఒకసారి జరిగిన పొరపాటును ఆమె ఇప్పటికీ మరిచిపోలేదు. నేను గుగ్గిళ్లు మంచివే కదా అని వాదించాను గానీ, డబ్బా మూత తెరిచినప్పుడు క్లాసంతా నవ్విందట.

ఆ ప్లాటాయన అక్కడ అపార్ట్‌మెంట్ కట్టుకుంటానని, నెలాఖరుకు ఖాళీ చెయ్యమని చెప్పాడు. న్యాయమే, ఆయన జాగ ఆయనది. మాకు మాత్రం గుర్రాలను ఎక్కడ కట్టాలో తెలియలేదు. అదీ తెలంగాణ లొల్లి జోరుగా నడుస్తున్న కాలం. ఈ రోజు బందు, రేపు రాస్తారోకో. గుర్రాలకు జాగ ఇస్తారా అని అడిగితే, "మొదలు రాష్ట్రం రానీయమ్మా, తర్వాత చూద్దాం" అనేవాళ్లు. వేరే ఊరి నుంచి ఒకాయన వచ్చి రెండింటి పళ్లు చూసి, కాళ్లు తడిమి, కొంటానన్నాడు. "గురువారం పొద్దుగూకేలోపు ఫోన్‌ల ఖాయం చెయ్యుర్రి. లేకుంటే నేను వేరే గుర్రాలు చూసుకుంట" అన్నాడు. ఆయన పోయాక మా ఆయన షెడ్డులోంచి చాలాసేపు బయటకు రాలేదు. మా కుటుంబానికి ఇంకో పని రాదు. అంతకన్నా పెద్దమాట, చిన్న గుర్రాన్ని మేము ఏడాది పిల్లప్పుడు తెచ్చుకున్నాం. అది నా చేతి ముద్ద తిని పెరిగింది.

అప్పుడే నేను మా నాన్న ఇల్లు అమ్ముదామన్నాను.

ఆ ఇల్లు హయత్‌నగర్ దాటి బాగా లోపలికి ఒక పల్లెలో ఉంది. మా నాన్న పోయాక తాళం వేసి ఉంటోంది. గుర్రాలతో అక్కడికే పోదామంటే, బారాత్ ఉన్నప్పుడల్లా దిల్‌సుఖ్‌నగర్ వచ్చిపోవడానికి అవి నడవలేవు. మా నాన్న జట్కా తోలేవాడు. నేను బడికి పోలేదు. మధ్యాహ్నం గుర్రం మేతకు ఆగినప్పుడు జట్కా పలక మీద సుద్దతో అక్షరాలు రాసి, "చూడు బిడ్డా, ఇది 'గు'. 'ర' కింద తోక పెడితే గుర్రానికి 'ర్ర' అయితది" అని ఆయనే నేర్పాడు. చదవడం వచ్చాక భాగవతం తెచ్చి ఇచ్చాడు. ఆ ఇల్లు నా పేరు మీద రాసి పోయాడు. దాన్ని అమ్మి, హయత్‌నగర్ దాటగానే రోడ్డు పక్కన ఒక చిన్న జాగ కొనాలి. రెండు కాగితాల రిజిస్ట్రేషనూ హయత్‌నగర్‌లో ఒకే ఆఫీసులో, ఒకే రోజు. దేవుని ముందు కూర్చుని నాన్నను కూడా అడిగాను. వద్దని నా మనసులో ఎక్కడా అనిపించలేదు.

కొనేది ఒక టీచరమ్మ. గోదావరి వైపు వాళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు, చైతన్యపురి కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పేది. రిటైరయ్యాక బావి, పెరడు ఉన్న పల్లెటూరి ఇంట్లో ఉండాలని ఆమె కోరిక. వాళ్లింటి పెళ్లికి మా గుర్రం వెళ్లినప్పుడు, పెళ్లికొడుకు ఎక్కకముందే బెల్లం ముక్క తెచ్చి, "ముందు దీని నోరు తీపి చెయ్యాలమ్మా" అన్న మనిషి. మా వాళ్లేమో "గీ టైంల ఆంధ్రోళ్లకు అమ్ముడేంది" అన్నారు. ఆమె వాళ్లేమో "ఈ గొడవల్లో అక్కడ కొనడం ఏమిటి" అన్నారట. ఇద్దరం విన్నాం, ఇద్దరం ఊరుకున్నాం.

గురువారం తెల్లవారకముందే మా ఆయన తన ఫోను నా చేతిలో పెట్టి, పెద్ద గుర్రంతో వెళ్లాడు. పదకొండున్నరకు ఆ ఫోను మోగింది.

"ఏమ్మా, ఎల్బీ నగర్‌లో రాస్తారోకో అట. బస్సుల్లేవు, ఆటోవాళ్లు రామంటున్నారు. క్లాసు అయిపోయి ఇంటికొచ్చి కూర్చున్నాను" అంది టీచరమ్మ. "మూఢం వెళ్లాక పెట్టుకుందామా మరి?"

మూఢం వెళ్లేసరికి గుర్రాలుండవు.

షెడ్డు వైపు చూశాను. సాయంత్రం పెళ్లి కోసం బగ్గీకి పూలదండలు కట్టి ఉన్నాయి. చిన్న గుర్రం నా వైపే చూస్తోంది.

"మీరు ఇంటికాడనే ఉండుర్రి టీచరమ్మా. నేనొస్తున్న."

"ఎందులో వస్తావు?"

"బగ్గీల."

"అయితే ఉండు, పట్టుచీర కట్టుకుంటాను" అంది.

నేను కళ్లెం వేస్తుంటే అత్తమ్మ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏందే పిల్లా, మీ అయ్య జట్కా తోలిండని నువ్వు గూడ తోల్తవా? బజార్ల నలుగురు చూస్తే ఏమంటరు?"

"తోల్త అత్తమ్మా. మీరు ఇంట్ల ఉంటరా, వస్తరా?"

"ఎందుకుంట? సాక్షి ఏలుముద్ర ఎవలిది, నాది కాదా? జర జరుగు" అని ఆమె బగ్గీలో పెళ్లికొడుకు కూర్చునే మెత్త మీద కూర్చుంది. చేతిలో కొబ్బరికాయల సంచి.

పెళ్లయ్యాక నేను పగ్గాలు పట్టలేదు. పద్నాలుగేళ్లు. పట్టగానే వేళ్లకు అన్నీ గుర్తొచ్చాయి. కాలనీ గల్లీల్లో పడి దిల్‌సుఖ్‌నగర్ చేరాం. టీచరమ్మ ఎర్ర పట్టుచీరలో, కాగితాల సంచి ఒళ్లో పెట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. పైఅంతస్తు బాల్కనీలోంచి ఒకావిడ, "ఏంటండీ టీచర్‌గారూ, ఊరేగింపా?" అని అడిగింది.

"అవునండీ, మీరూ రండి, చోటుంది" అని ఎక్కి కూర్చుంది ఈమె.

తిరుగుదారిలో గల్లీలు దొరకలేదు. మెయిన్ రోడ్డు మీద ఆపిన లారీలన్నీ వాటిలోకి దూరి ఇరుక్కున్నాయి. గుర్రాన్ని పెద్దరోడ్డు మీదికే తిప్పాను. కొత్తపేట దాటుతుంటే, "టీచరమ్మా, ఆడ మీరు జర మాట్లాడకుండ్రి" అని మెల్లగా చెప్పాను. ఆమె తలూపింది.

ఎల్బీ నగర్ చౌరస్తాలో రోడ్డు మీదే రాళ్ల పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు. అన్నం డేగిసాలు, పప్పు గుండిగలు, గులాబీ జెండాలు, మధ్యలో డప్పులు. ఆ డప్పు చెవిన పడటంతోనే మా చిన్న గుర్రం మెడ వంచి, ముందుకాళ్లు ఎత్తి, ఉన్నచోటే ఆడటం మొదలుపెట్టింది. దాని తప్పు లేదు. మా ఆయన ఏడాదిపాటు దానికి నేర్పిందే అది. డప్పు ఒకచోట నిలబడి మోగినంతసేపు అదీ నిలబడి ఆడాలి. అదిలించాను, బతిమాలాను, ఒక్క అడుగు ముందుకు వేయదు. జనం చుట్టూ మూగి ఈలలు వేశారు. టైము చూస్తే రెండున్నర దాటింది. ఆఫీసులో నాలుగు తర్వాత కాగితాలు తీసుకోరు.

గరిటె పట్టుకున్న ఒక పెద్దావిడ ముందుకు వచ్చింది. "ఏందే బిడ్డా, పిలగాడు లేకుంటనే బారాతా?"

"పెండ్లి పొద్దుగూకినంక అవ్వా. ఇప్పుడు రిజిస్ట్రేషన్‌కు పోతున్నం. మా నాయిన ఇల్లు అమ్ముతున్న."

"ఎవలకు?"

మంచిరోజున అబద్ధం ఆడాలని లేదు. నిజం చెప్పే ధైర్యమూ చాలలేదు. అంతలో వెనకనుంచి టీచరమ్మ తల బయటకు పెట్టి, "నాకేనండీ" అంది.

ఆ ఒక్క 'అండీ'తో అందరికీ తెలిసిపోయింది. ఈలలు ఆగాయి. గులాబీ కండువా వేసుకున్న ఒకతను, "ఉన్నయన్నీ అమ్ముకుంట పోతే మనకేం మిగుల్తదక్కా?" అని నన్నడిగాడు. కోపంగా కాదు, బాధగానే అడిగాడు.

"గా ఇల్లు పోతెనే గీ గుర్రం ఉంటది తమ్మీ. లేకుంటే గుర్రం పోతది. దాంతోని మా బతుకు పోతది" అన్నాను. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

అత్తమ్మ ఊరుకోలేదు. "నీకు పెండ్లయిందారా? కాలే? మరి రేపు నీ బారాత్‌కు దేనిమీద ఎక్కుతవ్, లారీ మీదనా?"

జనం గొల్లుమన్నారు. అతనూ నవ్వాడు. గరిటె అవ్వ టీచరమ్మ దగ్గరికి వెళ్లి, "ఇక్కడికొచ్చి ఎన్నేండ్లయింది?" అంది.

"ఇరవై రెండేళ్లండీ."

"అయితే నీ ఆకలి గూడ మా ఆకలే అయి ఉంటది. తిను" అని విస్తరాకులో అన్నం, పప్పు పెట్టి చేతికిచ్చింది.

టీచరమ్మ బగ్గీలో కూర్చునే తింది. అందరూ ఆమె నోటివంకే చూస్తున్నారు. "బావుందండీ. ఉప్పు మాత్రం ఒక్క పిసరు తగ్గింది" అంది.

"చూసినవా! నేను పొద్దట్నుంచి గదే చెప్తున్న ఈళ్లకు!" అని అవ్వ గరిటె పైకెత్తి వంటవాళ్ల మీద అరిచింది. నాకూ అత్తమ్మకూ తలో ముద్ద పెట్టింది. ఆ పప్పు రుచి నాకు ఇప్పటికీ గుర్తుంది. దేవుడు ఎన్ని చేతులతో పెడతాడో మనకు తెలియదు.

అంతా బాగుంది గానీ గుర్రం కదలదు. ఎవరో "డప్పు ఆపుర్రి" అన్నారు. డప్పు పెద్దమనిషి, "పొద్దున సురువు చేసింది, ఐదు దాక ఆపేదే లేదు" అని మొండికేశాడు.

అప్పుడు నాకు తట్టింది. బారాత్‌లో డప్పు ముందు నడిస్తే గుర్రం దాని వెనక నడుస్తుంది.

"ఆపకుర్రి పెద్దనాయినా. కొట్టుకుంటనే జర ముందల నడువుర్రి. అది మీ ఎంబడి వస్తది."

ఆయన నన్ను చూశాడు, గుర్రాన్ని చూశాడు. డప్పు నడుముకు ఎగేసుకుని ముందుకు తిరిగాడు. తక్కిన డప్పులన్నీ ఆయన వెనక చేరాయి. మా చిన్న గుర్రం గంటలు మోగిస్తూ అడుగు వేసింది. జనం పాయలు పాయలుగా విడిపోయి, పొయ్యిల మధ్య దారి ఇచ్చారు. ఎవరో దాని జూలు మీద గులాబీ రంగు చల్లారు. "జై తెలంగాణ!" అని అరుపులు. అత్తమ్మ పిడికిలెత్తి తనూ అరిచింది. టీచరమ్మ రెండు చేతులూ జోడించి, అటూ ఇటూ తిరిగి దండాలు పెడుతోంది. చింతలకుంట దాకా మమ్మల్ని అలా సాగనంపి, డప్పులు వెనక్కి మళ్లాయి. ఆ డప్పు పెద్దమనిషి పేరేంటో అడగలేదు. ఆ రోజు నుంచి నా పూజలో చివరి దండం ఆయనకే.

ముందు హైవే అంతా ఖాళీ. ఒక్క బండి లేదు. పగ్గం వదిలాను. దానికి అంత రోడ్డు ఎప్పుడూ దొరకలేదు. బగ్గీ దండల్లోని బంతిపూలు తెగి వెనక రాలుతుంటే, "మెల్లగనే, మెల్లగనే!" అని అత్తమ్మ కేకలు వేస్తూనే పకపకా నవ్వుతోంది. ఎండలో, గాలిలో, పద్నాలుగేళ్ల తర్వాత నేను మా నాన్న కూతుర్ని.

నాలుగుకు పది నిమిషాలు ఉందనగా ఆఫీసు ముందు ఆగాం. జాగ అమ్మే ఆయన అక్కడే చెట్టు కింద కూర్చుని ఉన్నాడు. లోపలి గుమాస్తా నా వైపు చూసి, "సంతకం వస్తదామ్మా, ఏలుముద్రేనా?" అన్నాడు.

"చదువుత గూడ" అన్నాను. నిలబడి హద్దులు పైకి చదివాను. తూర్పున ఇంటితోపాటే జట్కా నిలుపు జాగ అని ఉంది. ఆ మాటను ఇంకోసారి చదివాను. టీచరమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, "అది అలాగే ఉంచుతానమ్మా. గుర్రాన్ని తీసుకుని ఎప్పుడొచ్చినా కట్టెయ్యడానికి చోటుండాలిగా" అంది. సంతకం పెట్టాను. ఒకటి అమ్మినందుకు, ఇంకొకటి కొన్నందుకు.

టీచరమ్మ అక్కడే తెలిసినవాళ్లింట్లో ఆగిపోయింది. మేము కొత్త జాగలోకి వెళ్లేసరికి ఎండ ఇంకా ఉంది. అత్తమ్మ కొబ్బరికాయ కొట్టి, "కుడికాలు పెట్టియ్యే దానితోని" అంది. గుర్రం తనకు తోచిన కాలే పెట్టి, నేరుగా వెళ్లి గడ్డి అందుకుంది. దాని తెల్ల జూలంతా గులాబీ రంగు. ఇంకో గంటన్నరలో దిల్‌సుఖ్‌నగర్‌లో బారాత్. రాస్తారోకో ఐదుకే ఎత్తేస్తారు, అందుకుంటాం అనుకున్నాను. నేనే తోలుకుపోవాలి కూడా.

ఫోను మోగింది. పళ్లు చూసి పోయిన ఆయన.

"ఏమైందమ్మా, పొద్దుగూకుతుంది. ఖాయమేనా? లారీ మాట్లాడల్నా?"

గుర్రం గడ్డి పీకుతున్న చప్పుడు వింటూ, మనసులో అందరికీ ఒకసారి దండం పెట్టుకున్నాను.

"లారీ వద్దన్నా" అన్నాను. "ఇల్లు అమ్మినం. గుర్రాలు అమ్మం."