ఐలన్న పోలిక

గుమ్మడిదల దగ్గర మందుల ఫ్యాక్టరీలో పనిచేసే ఐలన్నకు లోకంలో పడనివాడు ఒక్కడే: బామ్మర్ది రాంచందర్. పాపం, అతను చేసిన నేరమేమీ లేదు. ఐలన్న కూతురు నిషిత అచ్చం అతనిలా పుట్టింది, అంతే.

ముక్కు మామది, సొట్టబుగ్గ మామది, ఆఖరికి తుమ్ము కూడా మామదే. చూసినవాళ్లందరిదీ అదే మాట.

"బిడ్డకు నాది ఒక్కటి గూడ రాలేదా?" అని ఐలన్న అడిగితే, భార్య నాగవల్లి కాసేపు ఆలోచించి, "ఇంటిపేరు వచ్చింది గద!" అనేది.

అది చాలదన్నట్టు చెవులు కుట్టించే వేడుకొకటి వచ్చిపడింది. చిన్నప్పుడే జరగాల్సింది ఏవో అడ్డంకులతో ఆగి, నిషిత మూడో తరగతికి వచ్చాక కుదిరింది. పిల్ల మేనమామ ఒడిలోనే కూర్చోవాలి. రాంచందర్ కొత్త లాల్చీ తొడుక్కుని దర్జాగా మఠం వేసుక్కూర్చున్నాడు. కన్నతండ్రిని మాత్రం గోడవైపు తిప్పి నిలబెట్టారు. సూది చూస్తే ఐలన్న కళ్లు తిరిగి పడిపోతాడు మరి. ఫ్యాక్టరీలో ఏటా జరిగే రక్తపరీక్షకు అతన్ని ముందే బల్ల మీద పడుకోబెడతారు. వాళ్ల నాయనైతే కోడిని కోస్తుంటేనే పడిపోయేవాడు.

బంగారప్పని చేసే ఔసలాయన ఒక చెవి కుట్టాడు. నిషిత ఏడవలేదు.

"మామ లెక్కనే ధైర్యం!" అన్నారెవరో. ఐలన్న గోడకేసి పళ్లు నూరాడు.

అంతలో పిల్ల మొహం పాలిపోయి, తల మామ భుజం మీద వాలిపోయింది.

పక్కింటి డాక్టరమ్మ పరుగున వచ్చి, పిల్లను చాప మీద పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పట్టించింది. ఇటు తిరగబోయిన ఐలన్నను ఎవరో మళ్లీ గోడవైపే తిప్పారు. నిషిత కళ్లు తెరిచింది.

"భయం లేదు. సూది, నెత్తురు చూస్తే కొందరికి బీపీ పడిపోతది. కొన్ని ఇండ్లల్ల వంశంల ఉంటది. మీల ఎవరికన్న ఉందా?"

"నాకున్నది!" ఉద్యోగం పర్మనెంటయినంత సంబరంగా అరిచాడు ఐలన్న. "మా నాయనకు గూడ ఉండె! ఇది నా పోలికనే!"

రాంచందర్ గొంతు సవరించుకున్నాడు. "బావా, మా నానమ్మ గూడ సూది చూస్తే..."

"అరే, గిది గూడ నీకే కావాల్నా!"

ఆ ఊపులో ఐలన్న గిర్రున ఇటు తిరిగాడు. కూతురి చెవికి అంటిన నెత్తుటి చుక్క కనబడింది.

మళ్లీ కళ్లు తెరిచేసరికి అదే చాప మీద, బిడ్డ పక్కన ఉన్నాడు. అతని కాళ్లు ఎత్తి పట్టుకున్నది రాంచందరే.

నిషిత ఇటు ఒత్తిగిలి, "డాడీ, నువ్వు గూడ నా లెక్కనేనా?" అంది.

ఐలన్న పడుకున్నచోటి నుంచే తల కాస్త ఎత్తాడు.

"విన్నవా, బామ్మర్దీ?"