చింతపండుతో తోమిన రాగి బిళ్ళ

పోయిన ఆదివారం తిరుపతిలో ఒక కల్యాణమండపంలో పాత నాణేల ప్రదర్శన పెట్టినారంటే, మనవరాలు నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. ఏయే దేశాలవో, ఏయే రాజుల కాలంవో, అన్నీ అద్దాల పెట్టెల్లో వరసగా పేర్చి ఉన్నాయి. ఒక బల్ల దగ్గర నాణేలాయన పిల్లలందరినీ చుట్టూ నిలబెట్టుకుని, పాత రాగి నాణెం దొరికితే మాత్రం చింతపండు పెట్టి తోమొద్దు పిల్లలూ, తోమితే దాన్ని చంపినట్టే అని నవ్వుతా చెబుతున్నాడు. పిల్లలూ నవ్వినారు. నేను మాత్రం పక్కనున్న కుర్చీలో కూలబడినాను. నీళ్ళు తెచ్చేదా అవ్వా అని అడుగుతుంది మనవరాలు. నీళ్ళు తాగితే పోయేదా అది!

మా నాయన తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో గుమాస్తా. ఐదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. కొండకు మలేషియా నుంచి, సింగపూరు నుంచి, సిలోను నుంచి, ఇంకా మాకు నోరు తిరగని దేశాల నుంచి యాత్రికులు వచ్చేవాళ్ళు. గది ఖాళీ చేసేటప్పుడు జేబులో మిగిలిన తమ దేశపు చిల్లర ఈయన చేతిలో పెట్టి పోయేవాళ్ళు. ఈడ చెల్లని ఆ బిళ్ళల్ని ఇంకొకరైతే పిల్లోళ్ళకు ఆడుకోను ఇచ్చేసేవాళ్ళే. మా నాయన అట్లా కాదు. ఇచ్చినవాళ్ళను నిలబెట్టి, ఈ తలకాయ ఎవరిది, ఈ రాతను ఏమని చదవాల, ఈ పువ్వు మీ దేశంలో యాడ పూస్తుంది అని ఆరా తీసేవాడు. బస్సు తప్పిపోతుంది మహానుభావా అని వాళ్ళు మొత్తుకున్నా వదిలేవాడు కాదు. ఇంటికొచ్చినాక బిళ్ళను నోటుబుక్కు కాగితం కింద పెట్టి, పైన పెన్సిలు ఏటవాలుగా పట్టుకుని మెల్లగా రుద్దితే, బొమ్మా అక్షరాలూ కాగితం మీదికి తేలి వచ్చేవి. పక్కనే వాళ్ళు చెప్పిన వివరాలన్నీ రాసుకుని, బిళ్ళను ఒక రేకు డబ్బాలో దాచిపెట్టేవాడు. ఆ రుద్దే పని అప్పుడప్పుడు నాకిచ్చేవాడు. నేను రుద్దుతుంటే ఆయన మొహం చూడాల! తిరునాళ్ళలో తప్పిపోయిన బిడ్డ కనబడినంత సంబరం.

అట్లాంటి మనిషికి, బంగారుపాళ్యం దగ్గర మా చేనులో మామిడి మొక్కకు గుంత తవ్వుతుంటే, పచ్చటి చిలుము పట్టిన రాగి బిళ్ళ ఒకటి దొరికింది. ఒకపక్క ఏనుగో ఎద్దో మసకమసకగా, ఇంకోపక్క చీమలు పాకినట్టు అక్షరాలు. అన్నిటికీ పెన్సిలు రుద్దినవాడు దానికి మాత్రం రుద్దలేదు; ఒత్తిడికి ఏమన్నా అయిపోతుందేమోనని భయం. దేశదేశాలవి ఎన్నున్నా ఇది మన మన్నులోది పాపా, దీని పేరు తెలిస్తే చాలు నాకు, అనేవాడు. వాళ్ళనూ వీళ్ళనూ పట్టుకుని ఆరు నెలలు తిరిగి, చివరికి ఒక చరిత్ర ప్రొఫెసరుగారితో ఒక శుక్రవారం పొద్దున రమ్మనిపించుకున్నాడు. బిళ్ళకు పేరు పెట్టే రోజు నువ్వూ ఉండాల అని నాతో చెప్పినాడు. అప్పుడు నాకు పదకొండేళ్ళు.

మా ఇంట్లో గురువారం మధ్యాహ్నం పూజసామాను తోమడం నా వంతు. తోమని రాగిని దేవుడి ముందర పెట్టకూడదని మా అమ్మ కట్టడి. ఆ గురువారం దీపపు కుందులూ పంచపాత్రా ముందరేసుకుని కూర్చున్నప్పుడు, నా బుర్రకు ఒక గొప్ప తెలివి పుట్టింది. రేపు అంత పెద్దమనిషి చేతికి ఈ చిలుము బిళ్ళ ఇస్తే మా నాయన పరువేం కావాల అని, నాయన కాగితంలో చుట్టి పెట్టుకున్నదాన్ని డబ్బాలోంచి తీసి, చింతపండు నీళ్ళలో ఉప్పేసి నానబెట్టి, ఇటుకపొడి అద్ది, కొబ్బరి పీచుతో చేతులు నొప్పి పుట్టేదాకా తోమినాను. కొత్త చెంబు మాదిరి తళతళలాడింది. మళ్ళీ ఆ కాగితంలోనే చుట్టి డబ్బాలో పెట్టేసినాను, ఆడ విప్పినప్పుడు చూసి మురిసిపోతాడని.

విప్పినాడు. ప్రొఫెసరుగారు భూతద్దం పెట్టి అటు తిప్పి ఇటు తిప్పి, తల ఎత్తి, ఎవరు తోమినారు దీన్ని అని అడిగినాడు. నేను ఉప్పొంగిపోతా నోరు తెరిచే లోపల, మా నాయన నా భుజం మీద చెయ్యేసి గట్టిగా ఒత్తినాడు.

"నేనే సార్. తెలీక తోమినా."

ఆ పచ్చటి చిలుములోనే కదప్పా అక్షరాలు నిలిచి ఉండేది, చదివిందీ లేదు పాడూ లేదు, మీలాంటోళ్ళ చేతుల్లో పడే ఇట్లాంటివి నాశనమవుతుండాయి అని ఆ పెద్దాయన కోప్పడినాడు. మా నాయన చేతులు కట్టుకుని, తల దించుకుని, ఔను సార్, ఔను సార్ అంటా నిలబడినాడు. ఇంటికొచ్చినాక అమ్మ అడిగితే, సార్ ఊర్లో లేడంట అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండు, రెండు దెబ్బలు వేసినా బాగుండు. ఆ తరువాత ఎవరు బిళ్ళ ఇచ్చినా నవ్వి వద్దనేవాడు. డబ్బా అటక ఎక్కింది. ఆయన పోయి ఎన్నో ఏళ్ళయింది. నేను చేసినానని ఆయనకు తెలుసు, తెలుసని నాకు తెలుసు, అయినా క్షమించు నాయనా అనే ఒక్క మాటకు ఇన్నేళ్ళూ నాకు నోరు రాలేదు.

ఆదివారం ఇంటికొచ్చి డబ్బా, దాంతోపాటు నాయన నోటుబుక్కూ దించినాను. మనవరాలు ఒక్కొక్క బిళ్ళకూ ఫోను చూపిస్తే, రెప్పపాటులో దేశం, కాలం, రాజు పేరు అన్నీ చెప్పేసింది ఆ ఫోను. నాయన రాసుకున్న వాటిలో ఒక్కటీ తప్పు పోలేదు. ఒక పేరు కోసం ఆరు నెలలు తిరిగేవాళ్ళూ లేరు ఇప్పుడు, దారిన పోయేవాళ్ళను నిలబెట్టి మీ దేశంలో ఏ పువ్వు పూస్తుందని అడిగేవాళ్ళూ లేరు. మా చేని బిళ్ళకు మాత్రం ఫోను కూడా ఏమీ చెప్పలేకపోయింది.

నోటుబుక్కు చివరి పేజీలో, మన చేనులో దొరికింది అని రాసి, కింద పేరు అని పెట్టి, మిగిలిందంతా ఖాళీగా వదిలిపెట్టి ఉన్నాడు. బిళ్ళను ఆ కాగితం కింద పెట్టి, ఆయన నేర్పినట్టే పెన్సిలు ఏటవాలుగా పట్టి రుద్దినాను. నున్నటి నల్లటి గుండ్రం వచ్చింది, అంతే. పేరు అన్న చోట ఏం రాయాలో తెలియక, దాని కింద, తోమింది నేను నాయనా, అని రాసి మూసిపెట్టినాను.