మందు కలిపే చోటు

ఎనిమిదో తరగతి సగంలో బడి మానేశాను. లెక్కల మాస్టారూ నేనూ ఒకరితో ఒకరం విసిగిపోయాం. ఆయనకు జీతం వస్తుంది కాబట్టి ఆయన ఉండిపోయాడు, నేను వచ్చేశాను. అప్పటినుంచీ స్ప్రేయర్లు బాగుచేస్తున్నాను. గుంటూరు దాటి ప్రకాశం వైపు వెళ్ళే దారిలో మిర్చి, పత్తి తప్ప ఇంకో పంట ఎరగని ఊరు మాది. సీజన్లో నా కొట్టు ముందు తైవాన్ స్ప్రేయర్లు ఆసుపత్రి వరండాలో రోగుల్లా వరుసగా పడుంటాయి. నాడి చూస్తాను, వాషర్ మారుస్తాను, పంపిస్తాను.

అలాంటివాణ్ణి గ్రాంటు కోసం పద్నాలుగు పేజీల దరఖాస్తు రాశాను. దానికి కారణం ఒక గేదె.

గేదె మా వీధి చివర ఉండే పిన్నిది. సొంత పిన్ని కాదు, వరసకు పిన్ని. ఆమె భర్త పోయి చాలా కాలమైంది. మిరపకాయ కోతలప్పుడు ఆడకూలీల ముఠాకు ఆమే పెద్ద. కోతలు లేనప్పుడు అదే ముఠా మందు కొట్టే చేలకు నీళ్ళు మోస్తుంది. ఆమెకు రెండు గేదెలుండేవి. డొంక పక్కన ఉన్న కుంటలో నీళ్ళు తాగేవి. ఆ చుట్టుపక్కల రైతులందరికీ దగ్గర్లో ఉన్న నీళ్ళు కూడా ఆ కుంటవే. అక్కడే డ్రమ్ము పెడతారు, అక్కడే కలుపుతారు, పనయ్యాక డ్రమ్ము కడిగిన నీళ్ళు అందులోకే పోతాయి, ఖాళీ సీసాలు అందులోకే దొర్లుతాయి. ఒకరోజు మధ్యాహ్నం పెద్దగేదె అక్కడ నీళ్ళు తాగింది. సాయంత్రానికి నురగ కక్కి పడిపోయింది. పశువుల డాక్టరు వచ్చి గేదెను చూశాడు, కుంటను చూశాడు, చూసిందేమిటో నోటితో చెప్పాడు. కాగితం మీద పెట్టమంటే మాత్రం ఆయనకు వేరే ఊళ్ళో పని గుర్తొచ్చింది.

రెండోదాన్ని పిన్ని ఇక కుంట వైపు పోనివ్వలేదు. రోజూ రెండు పూటలా రోడ్డు మీది బోరు దాకా తోలుకెళ్ళేది. పోయి రావడానికి గంటన్నర. పొద్దున పనికి ఆలస్యమైతే ముఠాకు పెద్దయినా ఆ పూట కూలి పోతుంది, మోకాళ్ళా సహకరించవు. ఆమె ఒక్కటే మాట అంది. ఎండాకాలం వచ్చేలోపు కుంట బాగుపడకపోతే గేదెను అమ్మేస్తానని. పాలకేంద్రంలో పోసే ఆ రెండు పూటల పాలు తప్ప కోతలూ మందు పనీ లేని నెలల్లో ఆమె చేతికి ఇంకేమీ రాదు. ఆ సంగతి ఆమె చెప్పలేదు, ఊరందరికీ తెలుసు.

తర్వాత కొన్నాళ్ళకు నా కొట్టుకొచ్చింది.

"ఒరేయ్, రైతు సేవా కేంద్రంలో ఆ అమ్మాయి చెప్పింది. హైదరాబాదులో ఏదో ట్రస్టంట. ఊళ్ళో నీళ్ళూ నేలా బాగుచేసుకుంటామంటే డబ్బులిస్తారంట. కాయితం రాయాలంట. నువ్వు రాయి."

"నేనేంది పిన్నీ, ఎనిమిది కూడా పాసవలా."

"నోరుందిగా. అదే కాయితం మీద పెట్టు."

ఒక్కరు అడిగితే ఇవ్వరట, కనీసం ఐదుగురు కమిటీగా ఏర్పడాలి. పిన్ని, ఆమె ముఠాలో ఇద్దరు, కాయితం రాసేవాణ్ణి కాబట్టి కార్యదర్శిగా నేను. ఐదో మనిషిగా కుంటను ఆనుకుని చేను ఉన్న ఒక బాబాయిని పట్టుకున్నాం. డ్రమ్ము ఎక్కడ కడగాలో తనకెవరూ చెప్పకూడదన్న షరతు మీద ఆయన పర్యావరణ కమిటీలో చేరాడు. మేం అడగదలచుకున్నవి మూడే. మందు కలుపుకోవడానికి కుంటకు దూరంగా ఒక సిమెంటు తొట్టి, దానికి పంచాయతీ లైను నుంచి ఒక కుళాయి. ఖాళీ సీసాలు వేయడానికి ఒక ఇనప బోను. కుంట చుట్టూ కంచె.

దరఖాస్తు నింపడానికి గుంటూరు బస్టాండు ఎదురుసందులో ఒక ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళాను. కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి ప్రశ్నలను తెలుగులో చెప్తుంది, నేను జవాబు చెప్తాను, ఆమె కొడుతుంది.

"లబ్ధిదారుల సంఖ్య?"

"ఒకటి."

"ఒకరేనా?"

"ఒకరు కాదమ్మా, ఒకటి. గేదె."

"అంకుల్, జోకులొద్దు. వెనకాల హాల్‌టికెట్లవాళ్ళు నిలబడ్డారు."

ఊళ్ళో జనమంతా లబ్ధిదారులని ఆమే వేసేసింది. ఐదేళ్ళ తర్వాత మీ ప్రాజెక్టు ఎలా నిలబడుతుందని అడిగితే, సిమెంటుతో కడతాం కాబట్టి నిలబడుతుందన్నాను. దానికామె ఏదో పెద్దమాట వెతికి పెట్టింది. మీ దగ్గర ఇప్పటికే ఉన్న వనరులేమిటన్న గడిలో 'ఏమీ లేవు' అని రాయించాను. అది మాత్రం నిజాయితీగా చెప్పాననుకున్నాను.

ఆఖర్న ఒక పెద్ద గడి వచ్చింది. సమస్యను మీ మాటల్లో వివరించండి. అది నాకు నచ్చింది. కాగితం అడిగి నేనే రాశాను. "మా ఊళ్ళో అందరూ కుంట గట్టున చేరి మందు కలుపుతారు. తెల్లవారగానే మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా మందు కొడతారు. మగవాళ్ళకు ఆడవాళ్ళే కలిపి ఇస్తారు. ఖాళీ సీసాలు నీళ్ళలో పడేస్తారు. ఆ నీళ్ళు తాగి ఒక గేదె చచ్చిపోయింది." ఆ అమ్మాయి తెలుగులో కొట్టి ఒక మీట నొక్కింది. కళ్ళముందే మొత్తం ఇంగ్లీషైపోయింది.

"ఒకసారి చూసుకుంటారా?"

చూశాను. చూడటం వేరు, చదవడం వేరు. బారుగా, శుభ్రంగా ఉంది. సంతకం పెట్టాను, ఊరికొచ్చి మిగతా నలుగురి చేతా పెట్టించాను.

సంక్రాంతి వెళ్ళాక ఫోనొచ్చింది. మీ దరఖాస్తు మా కమిటీని బాగా కదిలించింది, ఊరు చూడటానికి వస్తున్నామన్నారు. అన్నట్టే కారులో ఒక మేడమూ ఒక సారూ వచ్చారు. ఇద్దరిదీ హైదరాబాదు, ఇద్దరూ మర్యాదస్తులు. పంచాయతీ ఆఫీసు వరండాలో కుర్చీలు వేశాం. మేడం ముందు ఆడవాళ్ళతో మాట్లాడతానంది. పిన్నిని పక్కన కూర్చోబెట్టుకుని, దుఃఖంలో ఉన్న ఇంటికొచ్చినట్టు గొంతు తగ్గించింది.

"ఇక్కడ మందు ఎన్నింటికి మొదలుపెడతారమ్మా?"

"ఆరింటికండి. ఎండెక్కితే పనిచెయ్యదు."

"రోజూనా?"

"రోజూ ఎక్కడండీ. వారానికోసారి. మరీ ఎక్కువైతే నాలుగు రోజులకోసారి."

"మీరే కలిపి ఇస్తారని రాశారు. నిజమేనా?"

"మరెవరు కలుపుతారండీ. డ్రమ్ము మోసేదీ మేమే."

"డ్రమ్మా?" అన్నాడు సారు.

"రెండొందల లీటర్లదండి. చిన్నదైతే ఏ మూలకీ చాలదు."

సారు రాసుకుంటున్న పెన్ను ఆగింది. పట్నంవాళ్ళకు ఏమీ తెలియదు పాపం, ప్రతిదానికీ ఆశ్చర్యపోతారు అనుకుంటూ నేను సరదాగా చూస్తున్నాను. మేడం మగవాళ్ళ వైపు తిరిగింది. మగవాళ్ళంటే నేనూ బాబాయీ.

"మానేద్దామని మీలో ఎవరూ ప్రయత్నించలేదాండీ?"

బాబాయి నిదానంగా జవాబిచ్చాడు. "ఒక ఏడు మానేశానండీ. కాయ చేతికి రాలా."

"పంటకూ దీనికీ సంబంధం ఏంటండీ?" అన్నాడు సారు.

సారు ఫైలు తీశాడు. నేను రాసిన పేరా ఇంగ్లీషులో ఏమైందో మేడం మళ్ళీ తెలుగు చేసి చదివింది. గ్రామస్థులంతా చెరువు గట్టున చేరి మద్యం కలుపుకుంటారు. ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా తాగుతారు. మహిళలే కలిపి అందిస్తారు. ఖాళీ సీసాలు నీళ్ళలో విసురుతారు. ఆ నీరు తాగి ఒక గేదె మరణించింది.

బాబాయి జన్మలో చుక్క ముట్టని మనిషి. నా వైపు తిరిగాడు.

"నన్ను కూడా కలిపి రాశావంట్రా?"

"కింద నీ సంతకం కూడా ఉంది బాబాయ్."

ముఠా ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మందన్న మాట మా దగ్గర రెండింటికీ ఒకటేనని, ఎవడైనా మందు కొడుతున్నాడంటే చేలో ఉన్నాడో బడ్డీకొట్టు వెనక ఉన్నాడో పొద్దును బట్టీ మనిషిని బట్టీ మాకు తెలిసిపోతుందని, ఇంగ్లీషుకు మనిషి తెలియదు కాబట్టి పొరపడిందని వచ్చినవాళ్ళకు చెప్పాను. మేడం నవ్వింది. సారు కూడా నవ్వి, వెంటనే మానేశాడు. చిక్కు ఆయనదే. మా దరఖాస్తు మద్యం, పరిసరాల శుభ్రత అన్న పద్దు కింద ఎంపికైంది. పద్దు మార్చడం ఆయన చేతిలో లేదు.

"ఒకటి చెయ్యొచ్చు," అన్నాడు ఫైలు తిరగేసి. "సీసాలు ఏవైనా సీసాలే. అవి ఏరించండి, మద్యం మీద నాలుగు అవగాహన సదస్సులు పెట్టండి. దీనికైతే డబ్బు మంజూరవుతుంది. తొట్టి, కుళాయి, కంచె మాత్రం ఇందులోకి రావు."

నా మనసు అప్పటికే ఫోటోలు దిగుతోంది. తాగని బాబాయి చేత తాగుడు మాన్పించడం కంటే తేలికైన పని ఏముంటుంది. కానీ పిన్ని ఆయన్ని ఒక ప్రశ్న అడిగింది.

"సదస్సు పెడితే నీళ్ళు బాగవుతాయాండీ?"

"నీళ్ళకు సంబంధం లేదమ్మా."

"అయితే వద్దండి."

నేను పిన్నీ అని ఏదో అనబోయాను. నువ్వు రాసింది చాలు, నోరు మూసుకోమంది. తర్వాత మేడాన్ని కుంట దగ్గరికి తీసుకెళ్ళింది. సీసాలు, చిరిగిన ప్యాకెట్లు, గట్టున తెల్లగా పట్టిన చార. వాసనకు మేడం ముక్కుకు చున్నీ కప్పుకుంది. తన మంచినీళ్ళ సీసా ఒంపేసి, అందులో కుంట నీళ్ళు పట్టి, పరీక్ష చేయిస్తానంది. మళ్ళీ దరఖాస్తులు పిలిచినప్పుడు వేయండి, ఈసారి పురుగుమందు అని పూర్తిగా రాయండి అని నాతో చెప్పి వెళ్ళిపోయింది.

మర్నాడు బాబాయి చేనుకు మందు. ఆయన డ్రమ్ము ఎప్పటిలాగే గట్టున పెట్టి ముఠా కోసం చూస్తున్నాడు. స్ప్రేయరు మొరాయిస్తే నన్నూ పిలిచాడు కాబట్టి నేనక్కడే ఉన్నాను. పిన్ని వచ్చింది. ఇద్దరు ఆడవాళ్ళ చేత డ్రమ్మును దొర్లించుకుంటూ పోయి చేను అవతలి కొసన, డొంక మలుపులో దించింది.

"ఇదేంది, అక్కడ పెట్టావ్?" అన్నాడు బాబాయి.

"ఇక్కడే కలుపుతాం. గట్టు మీదైతే మేం రాం."

"అంత దూరం నీళ్ళెవరు మోస్తారు?"

"ఎప్పుడన్నా నువ్వు మోశావా? మోసేది మేమే. నీకేంది నొప్పి?"

ఆయన కమిటీ షరతు గుర్తుచేద్దామని నా వైపు చూశాడు, నేను వాషర్ వైపు చూశాను. ఖాళీ సీసాలకు పిన్ని ఒక పాత మిర్చి టిక్కీ గోతాం తెచ్చి, మూతి తెరిచి కరెంటు స్తంభానికి కట్టింది. వనరుల గడిలో నేను 'ఏమీ లేవు' అని రాయించిన సంగతి అక్కడ నిలబడి ఉండగా తట్టింది. ఊళ్ళో మందంతా పదిమంది ఆడవాళ్ళ చేతుల మీదుగా నడుస్తుంది. వాళ్ళు గట్టు ఎక్కకపోతే గట్టున మందు కలపడమే ఉండదు. పద్నాలుగు పేజీల్లో ఎవరూ దాన్ని అడగలేదు, నేనూ చెప్పలేదు.

మిగతా చేలకూ అదే మాట చెప్పారు. కొందరు ఒప్పుకున్నారు. కొందరు సణిగి ఒప్పుకున్నారు. ఇద్దరు ముగ్గురు పక్కూరి నుంచి మగకూలీల్ని తెచ్చుకుని గట్టుమీదే కలుపుకున్నారు. పూర్తిగా ఆగలేదు, బాగా తగ్గింది. రెండో దరఖాస్తు నేనే రాశాను, రైతు సేవా కేంద్రం అమ్మాయి ఇంగ్లీషులో చదివి చెప్పాకే సంతకం పెట్టాను. అదే వారం మేడం పంపిన రిపోర్టూ వచ్చింది. ఈ నీళ్ళు పశువులు తాగడానికి ఇప్పుడు పనికిరావు, కొత్తగా ఏమీ కలవకుండా ఒక వానాకాలం గడిచాక మళ్ళీ పరీక్ష చేయించండి అని దాని సారాంశం.

కోతలు అయ్యాయి. ఎండలు ముదిరాయి. ఒకరోజు పొద్దున పిన్ని ఇంటిముందు పశువుల బేరగాడు కూర్చుని ఉన్నాడు. ఆమే కబురు చేసిందట. గేదె పళ్ళు చూశాడు, పొదుగు చూశాడు, బాగానే ఉందన్నాడు. నేను అటుగా పోతుంటే పిన్ని ఆపింది.

"ట్రస్టోళ్ళ దగ్గర్నించి ఏమన్నా వచ్చిందా?"

"రాలా పిన్నీ. వస్తదో రాదో కూడా తెలీదు."

వానలెప్పుడంటావని అడిగింది. అదీ నాకు తెలియదన్నాను. ఇన్ని తెలియకపోతే కార్యదర్శివెందుకయ్యావురా అంది. బేరగాడు ధర చెప్పబోయాడు. ఆమె విననన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది.

"వానాకాలం వెళ్ళాక రా. అప్పుడు చెప్తా."

అతను తువ్వాలు దులుపుకుని లేచాడు. పిన్ని గేదెను విప్పింది. బోరు వైపు నాకూ పనుంది కాబట్టి కొంతదూరం కలిసే నడిచాం. డొంక మలుపు దగ్గరికి రాగానే గేదె కుంట వైపు మెడ తిప్పి బలంగా గుంజింది. పిన్ని ఒక అడుగు దాని వెంట పోయి, ఆగి, పలుపును చేతికి ఇంకో చుట్టు చుట్టుకుంది. గేదె మరోసారి గుంజి చూసింది. తర్వాత ఇద్దరూ రోడ్డు పట్టారు.