ప్లగ్గు పిన్ని, ఏడు వాటాల పెట్టె

“ఇది గనక ఆగిపోతే పిల్ల మొదటి నలభై మూడు రోజులూ పోయినట్టే పిన్నీ.”

ఫోనులో వేలు కనబడదని తెలిసినా, ఆ మాట అంటూ ఆమె వంటగది బల్లమీదున్న పాత ల్యాప్‌టాప్‌ను వేలితో చూపించింది. మూత విరిగి గోడకు చేరగిలబడి ఉంది. బ్యాటరీ ఏనాడో చచ్చింది, కరెంటు తీగ కాస్త కదిలితే చాలు, అడక్కుండానే ఆరిపోతుంది. పిల్ల నెలలు నిండకుండా పుట్టి ఆసుపత్రి అద్దాలపెట్టెలో ఉన్నన్నాళ్లూ రోజుకు ఒక్క నిమిషం చొప్పున తీసిన వీడియోలు అందులోనే ఉన్నాయి. అవి తీసిన ఫోను బస్సులో పోయింది. రెండో కాపీ ఒక పెన్‌డ్రైవ్‌లో ఉండేది. దాన్ని ఆ పిల్లే, పద్నాలుగో నెలలో, నోట్లో పెట్టుకుని శుభ్రంగా నానబెట్టింది. ముక్కులో గొట్టాలతో ఉన్న కూతుర్ని ఇంకొకరి కంప్యూటర్లలో ఎక్కడో దాచడానికి ఆమెకు మనసొప్పలేదు. అందుకే ఇంట్లోనే ఒక సర్వర్, అంటే ఫైళ్లన్నీ దాచిపెట్టి ఎప్పుడూ నడుస్తుండే సొంత కంప్యూటర్, పెట్టుకోవాలన్న ఆలోచన పుట్టింది.

పిన్ని అంతా విని ఒకే ప్రశ్న వేసింది. “ఇప్పుడది ఆన్‌లో ఉందా?”

“ఉంది.”

“ఆపి అటకమీద పెట్టు. ఆదివారం వస్తాను. అందాకా దాన్ని ముట్టుకోకు.”

ఈ పిన్ని ఆమె తల్లికి ఆఖరి చెల్లెలు. నీటి సరఫరా కార్యాలయంలో కంప్యూటర్ గదిలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి నాలుగేళ్ల కిందట మానేసింది. పెద్ద చదువు చదవలేదు. మొదట్లో ఆవిడ పని కంప్యూటర్ లెక్కలకి కాపీలు తీసే టేపులు మార్చడం, వాటికి చీటీలంటించడం, సాయంత్రం వాటిని అన్నం డబ్బా సంచిలో వేసుకుని రోడ్డుకవతలి భవనంలో బీరువాలో పెట్టి రావడం. ఒక భవనం తగలబడినా రెండోదాంట్లో ఉంటాయని. ఊళ్లో ప్రతి కొళాయి మీటరు లెక్కా ఆ సంచిలో రోడ్డు దాటేది. పద్నాలుగు నెలలు ఒక్కరోజు తప్పకుండా దాటించింది. పై అధికారి ఆవిడ చీటీల చేతిరాతను మెచ్చుకున్నాడు కూడా.

తర్వాత ఒకరోజు ఆఫీసు కంప్యూటర్ డిస్కు చెడిపోయింది. టేపులు తెచ్చి పెడితే అన్నీ ఖాళీ. టేపుల మీద రాసే యంత్రంలో ఏదో అరిగిపోయి, చక్రాలు మాత్రం తిరుగుతూ ఉండేవట. పద్నాలుగు నెలల్లో ఒక్క టేపునైనా తిరిగి చదివి చూద్దామని ఎవరికీ తోచలేదు. పదకొండు మంది ఆరు వారాలపాటు కాగితం కార్డులు చూసి మళ్లీ టైపు చేశారు. ఎవరూ పిన్నిని ఏమీ అనలేదు. అనకపోవడమే ఆవిడకు అన్నిటికన్నా కష్టమైంది.

ఆ తర్వాతే ఆవిడకు ఆ అలవాటు పట్టుకుంది. ప్రతి శుక్రవారం ఏదో ఒక టేపు తీసి చదివించేది. గదిలోకి కొత్త యంత్రం వస్తే మొదటివారంలోనే వెళ్లి ప్లగ్గు పీకి మళ్లీ పెట్టేది. లేస్తే పనికొస్తుంది, లేవకపోతే ఇప్పుడే తెలిసింది కదా అనేది. ఇళ్లలో కూడా చెయ్యి ఊరుకోదు. పిన్ని వచ్చి వెళ్లాక ఎవరింట్లో ఫ్రిజ్ బతికి బయటపడినా పండగే అని వాళ్లన్నయ్య వేళాకోళం చేస్తాడు. చుట్టాలందరికీ ఆవిడ ప్లగ్గు పిన్ని. పిలిస్తే పలుకుతుంది.

ఆదివారం మధ్యాహ్నం పిన్ని చేతిసంచి, అందులో టార్చిలైటు, చీటీలకి ఒక కాగితపు టేపు చుట్టతో దిగింది. పిల్ల తల్లి అప్పటికే గ్రాఫ్ కాగితం మీద పథకం గీసి ఉంచింది. మందుల నాణ్యత పరీక్షించే ల్యాబ్‌లో పని ఆమెది. గీతలు అచ్చుకొట్టినట్టు ఉంటాయి. ఒక చిన్న ఆఫీసు కంప్యూటరు, దానిలో ఏడు వర్చువల్ మెషీన్లు. అంటే పెట్టె ఒక్కటే, లోపల ఒక్కో పనికి విడివిడిగా ఏడు కంప్యూటర్లున్నట్టు నడిచే ఏర్పాటు. పిన్ని వాటిని వాటాలు అంది. ఒకే ఇంట్లో ఎవరి పొయ్యి వాళ్లదిగా ఉండే వాటాలు. ఫైళ్లన్నీ ఉండే గది ఒక వాటా, వీడియోలు చూపించే ఆల్బమ్ ఒకటి, ఉయ్యాల దగ్గరి కెమెరాకి ఒకటి, పిల్ల బరువు, జ్వరం, టీకాల పట్టికకి ఒకటి, పాటలకి ఒకటి, ప్రకటనల్ని అడ్డుకోవడానికి ఒకటి. ఏడోది ఆకుపచ్చ రంగులో, అన్నిటికీ రెండో కాపీ ఉండే బ్యాకప్.

“ఇంట్లో ఉన్నది ముగ్గురం, పెట్టెలో ఏడుగురు అత్తయ్యా,” అన్నాడు భర్త, పిల్లకు చొక్కా తొడుగుతూ. “వాళ్లకి కూడా నేనే వండాలేమో అడగండి.”

పిన్ని కళ్లద్దాలు సవరించుకుని ఒక్కో వాటాకి కేటాయించిన మెమరీ కూడింది. ముప్పై రెండు వచ్చింది. కంప్యూటర్‌లో ఉన్నదీ ముప్పై రెండే.

“అన్నీ అద్దెకిచ్చేశావు. ఇల్లుగలాయన ఎక్కడ పడుకుంటాడే?”

ఏడింటినీ నడిపించే అసలు యంత్రానికి ఆమె ఏమీ మిగల్చలేదు. నాలుక్కరుచుకుని రబ్బరు తీసుకుంది. పిన్ని మాత్రం పెన్సిల్ అందుకుని, ఏడు గళ్ల చుట్టూ ఒక పెద్ద గీత గీసింది. అదీ పెట్టె.

“ఇల్లు తగలబడితే ఈ ఆకుపచ్చ వాటావాడొక్కడూ ఎలా మిగులుతాడు?”

ఆమె రబ్బరు కింద పెట్టేసింది. ల్యాబ్‌లో ప్రతి నమూనాకు జోడు తీసి, రెండోదాన్ని రెండో అంతస్తులో వేరే ఫ్రిజ్‌లో పెట్టే మనిషి. అలా పెట్టని కుర్రకారును చీవాట్లేసే మనిషి. సొంత కూతురి విషయం వచ్చేసరికి జోడును అదే పెట్టెలో పెట్టి, పైగా ఆకుపచ్చ రంగు వేసింది. అది చాలక, ఆ వాటా కోసం పాత ల్యాప్‌టాప్ డిస్కును చెరిపి వాడదామని మూలన చిన్న అక్షరాల్లో రాసుకుంది కూడా. పిన్ని ఆ అక్షరాలు కూడా చదివింది.

“పాతదాన్ని చెరపడానికి తొందరేం వచ్చింది? అటకమీద అన్నం అడుగుతోందా?”

ఆ సాయంత్రం పథకం మారింది. వాటాలు ఏడు కాదు, నాలుగు. బ్యాకప్ పెట్టెలోంచి బయటికొచ్చింది. విడిగా ఒక డిస్కు కొని, దాన్ని పిన్ని ఇంట్లో ఉంచాలన్నారు. పిన్ని పెట్టిన షరతు ఒక్కటే. వీడియోలు ఇప్పుడే అందులో పెట్టకూడదు. పోయినా ఏడవని సరుకు పెట్టాలి. అలా ఆ కొత్త సర్వర్‌లోకి మొట్టమొదట వెళ్లినవి వాషింగ్ మెషీన్ వాడే విధానం పుస్తకం, భర్త స్నానాలగదిలో పాడుకున్న మూడు పాటలు.

రెండోవారం పిన్ని మళ్లీ వచ్చింది. పెట్టె చెప్పుల బీరువా మీద బుద్ధిగా గురగురలాడుతోంది. పిన్ని వంగి, తీగ రెండు కొసలకీ చీటీలంటించి, లేచి పక్కకు జరిగింది.

“పీకు.”

“నువ్వు పీకు పిన్నీ.”

“పెట్టె నాదా?”

ఆమె వంగింది గాని చెయ్యి కదల్లేదు. ఆసుపత్రిలో నలభై మూడు రోజులు ఆమె కూర్చున్న కుర్చీకి ఎదురుగా, మోకాలి ఎత్తులో, పిల్ల అద్దాలపెట్టె ప్లగ్గు ఉండేది. దానిమీద ఎర్ర టేపు. టేపు మీద, తీయవద్దు అని నర్సు చేతిరాత. పిల్లను చూడలేనప్పుడల్లా ఆమె దాన్నే చూసేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు. తలుపు దగ్గర భర్త పిల్లనెత్తుకుని నిలబడ్డాడు. కాసేపటికి ఆమె పీకింది.

గురగుర ఆగింది. పదివరకు లెక్కపెట్టి మళ్లీ పెట్టింది. ఏమీ జరగలేదు. కరెంటు తిరిగొస్తే తనంతట తాను లేవాలన్న సంగతి ఆ పెట్టెకి ఎవరూ చెప్పలేదు మరి. సెట్టింగుల్లో వెతికి, అది మార్చి, రెండోసారి పీకింది. ఈసారి లేచింది. నాలుగు వాటాలూ లేచాయి. ఆల్బమ్ తెరిస్తే ఒక్క పుటా లేదు, తెల్లగా ఖాళీ. పెట్టింది వాషింగ్ మెషీన్ పుస్తకమే అని తెలిసీ ఆమె మళ్లీ మళ్లీ తెరిచి చూసింది.

పిన్ని మాత్రం అరటిపండు ఒలిచి పెట్టినట్టు చెప్పింది. “ఫైళ్ల గదివాడు ఇంకా తలుపు తియ్యలేదు. ఆల్బమ్‌వాడు ముందే లేచి, చూసి, ఏమీ లేదనుకున్నాడు. ఎవరు ముందు లేవాలో వరస రాయి.”

వరస రాశారు. మొదట ఫైళ్ల గది, రెండు నిమిషాలు ఆగి ఆల్బమ్, ఆ తర్వాత మిగతావి. మూడోసారి ఆమె ఆగకుండా పీకింది. పెట్టె లేచింది, ఆల్బమ్ నిండుగా ఉంది, భర్త పాట వినబడింది. పిల్ల చెవులు మూసుకుంది.

అప్పుడు అటకమీది ల్యాప్‌టాప్ దిగింది. వీడియోలు పెట్టెలోకి ఎక్కిస్తుండగా మధ్యలో పిల్ల బల్ల కింద దూరి తీగ తన్నింది. ల్యాప్‌టాప్ ఆరిపోయింది. మళ్లీ ఆన్ చేసి ఎక్కించబోతే, ఇప్పటికే ఉన్నవాటిని వదిలెయ్యమంటావా అని అడిగింది. ఆమె వదిలెయ్యమంది. అంతా అయ్యాక లెక్కపెడితే నలభై మూడు. పెట్టెలోంచి బయటి డిస్కులోకీ నలభై మూడు. ఆమె ఊపిరి పీల్చుకుని ల్యాప్‌టాప్ మూత దించబోయింది.

“లెక్క నేనూ పెట్టేదాన్ని,” అంది పిన్ని. “పద్నాలుగు నెలలు పెట్టాను. కాపీ ఉందని ఎవరు చెప్పినా, నీకు నువ్వే చెప్పుకున్నా, నమ్మకు. తెరిచి చివరిదాకా చూడు.”

నలభై మూడు నిమిషాలు ఎవరు కూర్చుంటారని భర్త అన్నాడు గాని, అందరికన్నా ముందు కూర్చున్నది అతనే. బయటి డిస్కులోంచి ఒకటో రోజు నుంచి చూశారు. పదహారు వరకూ బాగానే నడిచాయి. పదిహేడో రోజు పిల్ల నోరు తెరవబోతుండగా బొమ్మ ఆగిపోయింది. తీగ కదిలిన క్షణంలో సగమే ఎక్కిన ఫైలు అది. పేరుంది గనక మళ్లీ అడిగినప్పుడు కంప్యూటర్ దాన్ని ఉన్నవాటిలో కట్టేసింది. సగందానికి జోడు కూడా సగంగానే తయారైంది.

ఆమె లేచి తీగ రెండు కొసలూ పట్టుకుని నేలమీద కదలకుండా కూర్చుంది. భర్త ల్యాప్‌టాప్‌లోంచి పదిహేడోది మళ్లీ ఎక్కించి, డిస్కులోకి తీసి, తెరిచాడు. నిమిషం పూర్తిగా నడిచింది. ఆ రోజు ప్రత్యేకంగా జరిగిందేమీ లేదు. పిల్ల ఆవలించింది, అంతే. మిగతా ఇరవై ఆరూ చూశారు. బాగున్నాయి. ల్యాప్‌టాప్‌ను చెరపకుండానే మళ్లీ అటకెక్కించారు.

ఇప్పుడు నెలలో మొదటి ఆదివారం డిస్కు పిన్ని ఇంటినుంచి అన్నం డబ్బా సంచిలో వస్తుంది. కొత్తవి చేర్చుకుంటారు. ఆ తర్వాత ఒకటి నుంచి నలభై మూడులోపు ఏదో ఒక అంకె పిన్ని చెబుతుంది. ఆమె ఆ వీడియోను డిస్కులోంచే తెరిచి, వంటగదిలో పాలు పొంగుతున్నా లేవకుండా, చివరిదాకా చూస్తుంది. ఈ నెల వంతు ముప్పై ఒకటోది. పిల్ల తుమ్మింది, నర్సు చెయ్యి ఒకసారి అడ్డొచ్చింది, నిమిషం అయింది. డిస్కు సంచిలోకి వెళ్లింది.