గొంతులో పక్కటెముక

మా ఆయన గొంతులో ఇప్పుడు ఆయన పక్కటెముక ముక్క ఒకటి ఉంది. అది రెండోసారి పెట్టింది. మొదటిసారి పెట్టిన ముక్క ఎందుకు పాడైందో డాక్టరమ్మకు కచ్చితంగా తెలియదు. నాకు తెలుసు.

ఊపిరితిత్తులకు నిమ్ము చేసి ఆయన పంతొమ్మిది రోజులు కరీంనగర్‌లో వెంటిలేటర్ మీద ఉన్నాడు. నోట్లోంచి గొంతులోకి దింపిన గొట్టమే ఆయన్ను బతికించింది. ఆ గొట్టమే లోపల ఒరుసుకుని పుండు కూడా చేసింది. ఇంటికి తెచ్చుకున్నాక పుండు మానింది కానీ, మానిన చోట మచ్చ గట్టిపడి గాలి దారి మూసుకుపోసాగింది. నాలుగు మెట్లెక్కితే చాలు, గొంతులో ఈల మోగేది. మళ్ళీ ఆస్పత్రికి పరుగెత్తాం. మెడ కింద చిల్లు చేసి చిన్న గొట్టం పెట్టారు. ఇక ఊపిరి అందులోంచే. గాలి పైకి, నోటి దాకా రాదు కాబట్టి మాట ఆగిపోయింది.

ఆ గొట్టాన్ని చూసుకోవడం నా పనైంది. గంటకోసారి అందులో కఫం చేరుతుంది. మిషన్ పెట్టి సన్నటి పైపుతో లాగెయ్యాలి. గొట్టం ముందు తడి గుడ్డ కట్టాలి, ఆరిపోతే మళ్ళీ తడిపి కట్టాలి. కఫం గడ్డకట్టి గొట్టానికి అడ్డం పడితే రెండు నిమిషాల్లో మనిషి పోతాడని నర్సమ్మ నా ముఖం మీదే చెప్పింది. పిలవడానికి ఆయనకు గొంతు లేదు. స్టీలు గ్లాసును చెంచాతో కొట్టేవాడు. పక్కింట్లో గిన్నె కింద పడ్డా నేను లేచి కూర్చునేదాన్ని. చూడ్డానికి వచ్చినవాళ్ళు మాత్రం ఎవరికి వాళ్ళు ఒక వైద్యం చెప్పి, చాయ్ తాగి వెళ్ళేవారు. దుబాయిలో ఉన్న మా మరిది ఫోన్లో ముఖం చూపిస్తూ, ఒక్క మాట మాట్లాడు అన్నా అని ప్రతిసారీ బతిమాలేవాడు. ఎన్నిసార్లు చెప్పినా అదే మాట. ఒకసారి కోపమొచ్చి ఫోన్ కట్ చేశాను.

నేను లంగాలు కుడతాను. మాది చెన్నూరు దిక్కు. పెళ్ళై ఈ సాంచాల ఊరికి వచ్చిన కొత్తలో, తెల్లారింది మొదలు సాంచాలనే ఆ కరెంటు మగ్గాల టకటకకు తలనొప్పి వచ్చేది. తర్వాత అలవాటైంది. ఆయన పదహారో ఏట నుంచి సాంచాల మీదే ఉన్నాడు. ఒక్కడే ఎనిమిది సాంచాలు నడిపేవాడు.

డాక్టరమ్మ మందుల చీటీ వెనక బొమ్మ గీసి ఆపరేషన్ సంగతి చెప్పింది. పక్కటెముక ముందు కొస ఎముక కాదట, చెవి పైభాగంలాగా వంగే మెత్తటి పదార్థమట. అందులోంచి చిన్న ముక్క కోసి, పడవలాగా చెక్కి, ఇరుకైన గొంతుగొట్టాన్ని నిలువుగా చీల్చి ఆ సందులో పెట్టి కుడతారట. అప్పుడు దారి వెడల్పవుతుంది. నాకు వెంటనే అర్థమైంది. జాకెట్టు బిగుతైతే చంక దగ్గర కుట్టు విప్పి ముక్క వెయ్యడం నేను ఎన్నోసార్లు చేసిన పనే. ముక్క అతకాలంటే ఏం చెయ్యాలో అడిగాను. ఆరు వారాలు చీము పట్టకుండా చూసుకోవాలంది. దుమ్ము, పొగ దగ్గరికి రానివ్వద్దంది. సాంచాల కార్ఖానా గడప తొక్కనివ్వద్దని ఆయన ముఖంలోకి చూసి మరీ చెప్పింది. ఆయన బుద్ధిమంతుడిలాగా తలూపాడు.

ఆపరేషన్ బాగానే అయింది. కుడివైపు ఛాతీ మీద కోత, మెడ మీద కోత. ముక్క కదలకుండా లోపల ఒక ఆసరా గొట్టం పెట్టారు. బయటి గొట్టం ఎప్పటిలాగే ఉంది. ఆరు వారాల తర్వాత లోపలిది తీసి, దారి నిలబడితే బయటిది కూడా తీసేస్తామన్నారు. అంటే మళ్ళీ ముక్కుతో ఊపిరి, నోటితో మాట. మా ఇద్దరికీ ఇంకో ఆశ లేదు.

మూడో వారంలో మధ్యాహ్నాలు ఆయన బయటికి పోవడం మొదలుపెట్టాడు. నేత కార్మికుల సంఘం అరుగు మీద కూర్చుని వస్తానని సైగ చేసేవాడు. అన్నం తిని రెండింటికి వెళ్తే అయిదింటికి వచ్చేవాడు. వచ్చి వాకిట్లోనే చొక్కా దులిపి, ముఖం కడుక్కుని లోపలికి వచ్చేవాడు. మొదటి రోజే మెడకు కట్టిన తడి గుడ్డ విప్పి చూశాను. దాని మీద తెల్లటి సన్నటి పోగులు. ఇరవై ఏళ్ళు ఆయన బట్టలు ఉతికినదాన్ని, ఆ దూది ఎక్కడిదో ఇంకొకరు చెప్పాలా? గుడ్డను నీళ్ళలో జాడించి ఆరేశాను. మర్నాడు మళ్ళీ తడి గుడ్డ కట్టి పంపాను.

నాలుగో రోజో అయిదో రోజో లంగాల మూట ఇచ్చి వస్తూ కార్ఖానా కిటికీ దగ్గర ఆగాను. సాంచాల చప్పుడులో ఎవరి మాట ఎవరికీ వినపడదు. అక్కడ పనిచేసేవాళ్ళందరూ పెదవులు చూసి, చేతులు చూసి మాట్లాడుకుంటారు. మా ఆయన రెండు సాంచాల మధ్య నిలబడి చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. నలుగురు పని ఆపి నవ్వుతున్నారు. ఇంట్లో మూగవాడైన మనిషి అక్కడ అందరితో సమానంగా ముచ్చట పెడుతున్నాడు. నెలల తర్వాత ఆ ముఖంలో కళ చూశాను. చూసి, పిలవకుండా ఇంటికి వచ్చాను.

ఆ ముచ్చట్ల కోసమే పోనిచ్చానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. కానీ నిజం అది కాదు. ఆ మూడు గంటలు నేను నిద్రపోయేదాన్ని. ఆయన బయట నలుగురి మధ్య ఉంటాడు, ఏదైనా అయితే వాళ్ళు చూసుకుంటారు, గ్లాసు మోగదు. తలుపు దగ్గరికేసి, కుట్టు మిషన్ పక్కనే నేల మీద ఒరిగితే ఒళ్ళు తెలిసేది కాదు. కిటికీలోంచి ఆయన్ను చూసి వచ్చిన రోజు కూడా నిద్రపోయాను. వద్దంటే ఆయన ఆగిపోయేవాడు. ఆ నిద్ర నాకు దక్కకుండా పోతుందని వద్దనలేదు.

ఆరు వారాలకు డాక్టరమ్మ లోపలికి కెమెరా వేసి చూసింది. ముక్కకు చీము పట్టి సగం కరిగిపోయిందని, దారి మళ్ళీ సన్నబడిందని చెప్పింది. ఒక్కోసారి ఏ కారణం లేకుండా కూడా ఇట్లా అవుతుందని ఓదార్చింది. ఆ ఓదార్పుకు నేను తలెత్తలేకపోయాను.

"దుమ్ముల గిట్ల తిరిగిండా అమ్మా?"

"లేదు మేడం. ఇంట్లనే ఉన్నడు."

ఆయన నా వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. తన తప్పు బయటపడకుండా నేను కాపాడాననుకున్నాడేమో అనుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఆ చెయ్యి విడిపించుకోవాలనిపించింది.

చీము తగ్గి ఒళ్ళు కుదుటపడేసరికి నాలుగు నెలలైంది. రెండో ఆపరేషన్‌కు ఎడమవైపు పక్కటెముక నుంచి ముక్క తీసుకున్నారు. ఛాతీ రెండు వైపులా కోతలతో ఆయన దగ్గలేక, పడుకోలేక నలిగిపోయాడు. దగ్గు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పక్కలు అదిమి పట్టుకునేవాడు. ఈసారి ఆయన వాకిలి దాటలేదు. నేను మధ్యాహ్నం కన్ను మూయలేదు. కుట్టు పని మానేసి గడప దగ్గరే కూర్చున్నాను. ఇద్దరం జైల్లో ఉన్నట్టే గడిపాం. పలకరింపులు కూడా విసుగుతోనే సాగాయి.

దారి నిలబడింది. లోపలి ఆసరా తీశారు, తర్వాత బయటి గొట్టం మూసి రెండు రోజులు చూశారు, ఆ తర్వాత తీసేశారు. చిల్లు మీద మందంగా గుడ్డ వేసి, మాట్లాడేటప్పుడు వేలితో అదిమి పట్టమన్నారు. డాక్టరమ్మ పేరు, ఊరు చెప్పించింది. గరుకుగా, తక్కువ స్థాయిలో వచ్చింది ఆ గొంతు. పాత గొంతు కాదు. అయినా నాకు ఏడుపు ఆగలేదు. ఇక నిజం చెప్పకపోతే ఆ గొంతు వినే అర్హత నాకు లేదనిపించింది. చెబితే ఆయన ఏమంటాడోనని పది రోజులు ఆగాను.

చివరికి ఒక మధ్యాహ్నం, అన్నం తిన్నాక, మెడ మీది గుడ్డ మారుస్తూ చెప్పేశాను. "కార్ఖానకు పోతున్నవని నాకు మొదటి దినమే ఎర్కైంది. గుడ్డకు దూది కనవడ్డది. నాకు పండుకోను దొరుకుతున్నదని ఊకున్న."

ఆయన ఆశ్చర్యపోలేదు. వేలితో మెడ అదిమి పట్టి, ఒక్కొక్క మాటా కూడదీసుకుని అన్నాడు.

"నువ్వు పండుకోవాల్ననే పోయిన. నేను ఇంట్ల ఉంటె నువ్వు కన్ను మూస్తవా?"

ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియలేదు. అంత ముచ్చట్లు పెట్టి నవ్వితివి కదా, నేను చూశాను అని దులిపేశాను. పోయినాక నవ్వకుండా కూర్చోవాలా అన్నట్టు భుజాలు ఎగరేశాడు. నవ్వబోయి, దగ్గు వస్తుందని భయపడి ఆపుకున్నాడు. చొక్కా గుండీలు ఇంకా పెట్టుకోలేదు. కుడివైపు మచ్చ పాతబడి నల్లగా ఉంది, ఎడమవైపుది ఇంకా ఎర్రగా ఉంది.

"ఇగ జర ఒరుగు," అన్నాడు. "నేనెటూ పోను."

ఒరిగాను. ఆయన నా తల దగ్గర గోడకు ఆనుకుని కూర్చున్నాడు, ముక్కుతో ఊపిరి తీస్తూ. నాకు నిద్ర రాలేదు.