ఆఖరి పెట్టెలో మా అక్క

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదేళ్ళ వయసులో, రాయ్‌పూర్ శంకర్ నగర్‌లో మా ఇంటికి దగ్గరగా ఉన్న చెరువు చుట్టూ కొత్తగా నడక బాట వేశారు. ఆ ఏడాది సాయంత్రాలు ఆ బాట మీద ఎవరెవరు ఉండేవారో, ఏమేమి ఉండేవో ఇప్పటికీ వరసగా చెప్పగలను. మా తాతయ్య. నాకంటే మూడేళ్ళు పెద్దదైన మా అక్క. నేను. ఒక నీళ్ళ సీసా. తాతయ్య భుజం మీద తువ్వాలు. అక్క చేతిలో పచ్చ జేబురుమాలు. గేటు దగ్గర బయలుదేరి మళ్ళీ గేటు దగ్గరికి వచ్చేలోపు ఏడు సిమెంటు బెంచీలు.

అక్క గుండెలో ఒక కవాటం సరిగా మూసుకునేది కాదు. ఆపరేషను చెయ్యాలి, ఈలోగా ఒంట్లో కాస్త బలం రావాలి అన్నారు డాక్టరు. చదునైన చోట రోజూ కొంచెం నడవమన్నారు. ఆయాసం రాగానే కూర్చోమన్నారు. ఈ రెండో మాటతోనే కష్టం వచ్చింది. అక్క ఆయాసాన్ని ఎప్పుడూ ఒప్పుకునేది కాదు. స్కూల్లో మెట్ల మీద పడిపోయిన రోజు కూడా, పెదవులు నీలంగా ఉండగానే, "చెప్పు జారింది, బస్, అంతే" అంది. మొదటి వారం అమ్మే మమ్మల్ని చెరువుకు తీసుకెళ్ళింది. పది అడుగులకోసారి "ఆయాసమొస్తందేటమ్మా?" అని అడిగేది. అడిగిన ప్రతిసారీ అక్క ఇంకాస్త వేగంగా నడిచేది. ఆ వారమంతా నడక ఏడుపుతోనే ముగిసింది. ఒకరోజు అక్క ఏడిస్తే మర్నాడు అమ్మ ఏడ్చేది.

రెండో వారం నుంచి తాతయ్య అమ్మను ఇంట్లో ఉండమని, మమ్మల్ని తనే తీసుకెళ్ళారు. తాతయ్యది విజయనగరం పక్క పల్లె. రైల్వేలో గార్డుగా చేరి, రాయ్‌పూర్ నుంచి విజయనగరం వెళ్ళే ప్యాసింజరు బళ్ళ మీద ముప్పై ఏళ్ళు తిరిగి, రాయ్‌పూర్‌లోనే రిటైరయ్యారు. గేటు దగ్గర మమ్మల్ని వరసగా నిలబెట్టారు. ముందు నేను, ఇంజినూ నేనే, డ్రైవరూ నేనే. మధ్యలో తను, పెట్టెలన్నీ తనే. చివర అక్క, గార్డు. ఏడు బెంచీలకూ మహాసముంద్, ఖరియార్ రోడ్, కాంటాబంజీ, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి అని పేర్లు పెట్టారు. చుట్టు పూర్తయ్యాక అదే గేటు విజయనగరం. బండి ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో చెప్పేది గార్డు. అక్క పచ్చ రుమాలు ఊపితేనే నేను కదలాలి.

"ఎందుకాగిందని గార్డునడిగే హక్కు ఎవుడికీ నేదు. నాకూ నేదు" అన్నారు తాతయ్య.

ఆ రోజు నుంచి అక్క నోట కొత్త మాటలు వచ్చాయి. "క్రాసింగ్ ఉంది" అని కూర్చునేది. "ముందు గూడ్సు ఆగింది" అనేది. మమ్మల్ని దాటి పరిగెత్తేవాళ్ళంతా ఎక్స్‌ప్రెస్‌లు. లావుపాటి సేఠ్ ఒకాయన తెల్లబూట్లు వేసుకుని రోజూ రొప్పుతూ పరిగెత్తేవాడు. ఆయన దూరంగా కనబడగానే అక్క, "హటో హటో, బొగ్గింజన్ వచ్చింది" అనేది. నాకు నవ్వు ఆగేది కాదు. "దారిస్తే తక్కువైపోం. ప్యాసింజరు పనే అది" అనేవారు తాతయ్య. అక్క ఎంతసేపు కూర్చున్నా ఆయన చెరువులో కొంగలను చూస్తూ ఉండేవారు తప్ప అక్క ముఖం వైపు చూసేవారు కాదు. ఆయన ఎందుకు చూడలేదో అప్పట్లో నాకు తెలియలేదు.

చలికాలం మొదట్లో నా పుట్టినరోజుకు నాన్న డిజిటల్ గడియారం కొన్నారు. ఏది కనబడినా రాసుకోవడం నాకు అప్పటికే అలవాటు. ఒక చిన్న నోటుపుస్తకంలో గీతలు కొట్టి, ఏ స్టేషన్లో ఎన్ని నిమిషాలు ఆగామో రోజూ రాశాను. నెల గడిచేసరికి ఆ అంకెల్లో నాకొక విషయం కనిపించింది. కనిపెట్టానని గర్వం కూడా కలిగింది. టిట్లాగఢ్ బెంచీ మీద కూర్చున్నప్పుడు పుస్తకం తెరిచి చదివాను.

"అక్కా, మొదటి రోజు మొత్తం యాభై నిమిషాలు. నిన్న గంటా ఇరవై. రోజూ లేటే. అంతా నీ హాల్టుల వల్లే."

"దిఖా" అని అక్క పుస్తకం తీసుకుంది. ఒక్కో పేజీ తిప్పింది. మూసి నా ఒళ్ళో పెట్టేసింది.

మర్నాడు బండి మహాసముంద్‌లో ఆగలేదు. ఖరియార్ రోడ్‌లోనూ ఆగలేదు. నేను వెనక్కి తిరిగినప్పుడల్లా అక్క రుమాలు ఊపుతూనే ఉంది. "చలో చలో, ఇవాళ మనమే ఎక్స్‌ప్రెస్" అంది. నేను సంతోషంగా పరుగందుకున్నాను. వెనక అక్క ఊపిరి చప్పుడు వినబడుతోంది. నిజం ఇంజిను చప్పుడులా ఉందనుకున్నాను. అది నాకు నచ్చింది కూడా. ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

కాంటాబంజీ దాటగానే తాతయ్య బాట మధ్యలో, తెల్ల పంచె మాసిపోతుందని కూడా చూడకుండా, నేల మీద కూలబడ్డారు.

"కప్లింగు తెగిపోనాది. ఇంజినొక్కటే ఎల్లిపోనాది, పెట్టెలిక్కడే ఉండిపోనాయి. గార్డుగోరూ, ఇలాగొచ్చి బండిని కాయండి" అని కేక వేశారు.

పెట్టెలను వదిలి గార్డు కదలకూడదు. ఆ నియమం అక్కకు తెలుసు. ఆయన పక్కనే కూర్చుంది. నోరు తెరిచి గాలి పీల్చుకుంటోంది. పెదవులు నీలంగా ఉన్నాయి. తాతయ్య తువ్వాలు తీసి అక్క భుజాల చుట్టూ కప్పి, సీసా మూత తీసి పట్టుకున్నారు. నడిచేవాళ్ళు ఆగి "క్యా హో గయా, చాచా?" అని అడిగితే, "కుఛ్ నహీ, గాడీ బిగడ్ గయీ" అని, బండి పాడైందంటూ నవ్వుతూ పంపేశారు.

నేను దెబ్బలు తప్పవనుకుంటూ వెనక్కి వచ్చాను. ఆయన నా పుస్తకం అడిగి తీసుకున్నారు.

"బండిలో టయిము రాసేదెవుడ్రా?"

"డ్రైవరు."

"గార్డు. ఇది దాని పుస్తకం" అని అక్క ఒళ్ళో పెట్టారు. తర్వాత నాతో నెమ్మదిగా అన్నారు: "ఇంజిను స్టేషను దాటేస్తే బండి దాటేసినట్టనుకున్నావేటి? ఆఖరి పెట్టె దాటాల. దాని ఎనకాల ఒక గుర్తుంటాది. అది కళ్ళతో సూసినాకే బండొచ్చిందని స్టేషన్ మాస్టరు రాస్తాడు. అందాకా నువ్వెంత ముందుకెల్లినా ఎక్కడికీ ఎల్లనట్టే."

అక్కకు అప్పటికి కాస్త ఊపిరి అందింది. "డ్రైవర్‌ని సస్పెండ్ చేసేయ్ తాతా" అంది.

"ఒగ్గీయే, కొత్తోడు. నేర్సుకుంటాడు" అన్నారాయన.

ఆ తర్వాత నేను గడియారం చూడలేదు. రాసింది అక్కే. ఎంతసేపు కూర్చున్నా ప్రతి స్టేషను ఎదురుగా ఒకే మాట రాసేది: రైట్ టైం. చలి తగ్గేసరికి మా బండి కాంటాబంజీ దగ్గరే వెనక్కి తిరిగేది. తర్వాత ఖరియార్ రోడ్ దగ్గర. ఆఖరి సాయంత్రం మొదటి బెంచీ, మహాసముంద్ దాటలేదు. దీపాలు వెలిగేదాకా అక్కడే కూర్చున్నాం. సేఠ్ రెండుసార్లు మమ్మల్ని దాటిపోయాడు. అక్క ఈసారి బొగ్గింజన్ అనలేదు. చివరికి రుమాలు గేటు వైపు ఊపింది. తాతయ్య అక్కను ఎత్తుకున్నారు. నేను వాళ్ళ వెనక నడిచాను. ఇంటికి వెళ్ళాక అమ్మ అడిగితే, "విజయనగరం దాకా వెళ్ళొచ్చాం" అంది అక్క. తాతయ్యా నేనూ కాదనలేదు.

ఆపరేషనుకు ఇంకా తొమ్మిది రోజులుండగా అక్క నిద్రలోనే పోయింది. ఆ తర్వాత నాలుగేళ్ళకు తాతయ్య పోయారు.

నేను సివిల్ ఇంజినీరింగ్ చదివి, ఇప్పుడు ఊరి శివార్లలో టాటీబంధ్ అవతల ఒక రోడ్డు పనిలో కొలతలు చూస్తున్నాను. పదిమందితో మెట్లెక్కినా, సైటు మీద నడిచినా, చివరన ఉంటాను. అలిసిపోయారా అని ఎవరినీ అడగను. ఎవరికైనా ఊపిరి భారమైనట్టు తోస్తే నేనే ఆగి బూటు లేసు కట్టుకుంటాను, రాని ఫోను ఎత్తి మాట్లాడతాను. నాది బద్ధకమని తోటివాళ్ళు అనుకుంటారు. అనుకోనిస్తాను.

అక్క పోయాక అమ్మ ఆ చెరువు వైపు వెళ్ళలేదు. మొన్న ఆదివారం తనంతట తనే వస్తానంది. అమ్మకిప్పుడు మోకాళ్ళ నొప్పులు. నేను వెనక నడిచాను. మొదటి బెంచీ రాగానే కూర్చుంది. కాసేపు నీళ్ళను చూసింది.

"ఆఖరి రోజు నిజంగా సుట్టూ తిరిగొచ్చిందేటిరా అది?" అని అడిగింది.

"తిరిగొచ్చిందమ్మా" అన్నాను.

అమ్మ అవతలి గట్టు మీద ఒక్కో బెంచీనీ చూసుకుంటూ వచ్చింది. "శానా దూరం నడిసింది తల్లి" అంది.

సోమవారం పొద్దున పనికి వెళ్తూ అక్కడ ఆగి టేపుతో కొలిచాను. గేటు నుంచి మొదటి బెంచీకి నూట పన్నెండు మీటర్లు.