ఎర్రరంగు నడిచిన దారి

పొద్దున్నే దవాఖాన నుంచి కబురు వచ్చింది. "సారు పోయిండమ్మా" అన్నాడు సైకిలు మీద వచ్చినతను, అంతే. దేవరకొండ హైస్కూల్లో నాకు సైన్సు చెప్పిన సారు ఇక లేరు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఆదివారం మా ఇంటికి వస్తానన్న మనిషి ఇట్లా మాట తప్పుతారా?

ఆయన వేళ్ల మీద ఎప్పుడూ ఏదో ఒక రంగు మరక ఉండేది. తలుపు కనబడితే చాలు, గోటితో వార్నిష్ గీకి చూసేవారు. "ఎంత పల్చటి పూతైనా లోపల ఏదో దాస్తది" అనేవారు. ఆయన్ని చుట్టాలిళ్లకు తీసుకుపోవాలంటే ఆయన భార్యకు భయం.

మా బాపు లక్క బొమ్మలు చేస్తాడు. అమ్మే ముందు ప్రతి బొమ్మ కొసనూ తన నోట్లో పెట్టుకుని చూస్తాడు, పిల్లలు చీకేదే కదా అని. ఒకసారి మా వాడలో ఒక పసిపాప ఎర్ర గిలక్కాయ చీకి మంచం పట్టింది. అది బాపు చేసిందేనన్నారు. బాపు కాదని మొత్తుకుని, తన గిలక్కాయను అందరి ముందే నోట్లో పెట్టుకున్నాడు. ఒక్కరూ నమ్మలేదు. బొమ్మలు కొనేవాళ్లు లేక మా పొయ్యి ఆరిపోయింది.

అప్పుడు సారు వచ్చారు. "నీ నోరు కాదు తమ్మీ, రంగే చెప్పాలె." బాపు చేసినదీ, పాప చీకినదీ, రెండు గిలక్కాయల పూతనూ గీకి, విడివిడిగా స్పిరిట్‌లో కరిగించి, బ్లాటింగ్ కాగితం మీద పక్కపక్కనే రెండు చుక్కలు పెట్టారు. కాగితం అంచు మాత్రం స్పిరిట్‌లో మునిగేలా నిలబెట్టారు. "దీన్ని క్రోమటోగ్రఫీ అంటరు. తడి పైకి పాకినకొద్దీ కలిసిన రంగులు విడిపోతయి."

"ఇంకెంతసేపు సారూ?" పాప తండ్రి విసుక్కున్నాడు.

"జర ఆగు. ఉరికిస్తే రంగు నడవది."

బాపు ఎరుపు ఒక్కటిగానే పైకి పోయింది. రెండోదాంట్లో ఎరుపు మీదుగా పసుపు చార తేలింది. "గీ రెండు ఒక్క చేతివి కావు" అన్నారు సారు.

పాప అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "జాతరల నేనే కొన్న. తిడతరని చెప్పలే."

పాప కోలుకుంది. మేమూ బతికాం. ఆయనే లేకపోతే ఆ ఊళ్లో మాకు నిలువ నీడ ఉండేది కాదు.

మనవడు పుట్టాడని మొన్ననే సారు గిలక్కాయ చేయమన్నారు. ఆదివారం ఆయనే వచ్చి తీసుకుపోవాల్సింది. కబురు విన్నాక బాపు లేచాడు. దాన్ని గూట్లోంచి తీసి, గుడ్డతో తుడిచి, అలవాటుగా కొస నోట్లో పెట్టుకున్నాడు. మళ్లీ తీయలేదు. పళ్ల మధ్య బిగబట్టి, గొంతు బయటికి రాకుండా ఏడ్చాడు. ఆ వణుకుకి గిలక్కాయ మోగుతూనే ఉంది.